సూళ్లూరుపేట మాస్టారూ... ఘటోత్కచుడి లడ్డూలూ

(యథార్థ గాథ. ఇందులోని వ్యక్తులు, సినిమాలు, సంవత్సరాలు నిజం. రైలు ప్రయాణం, స్టూడియో ఫ్లోర్ మీది సన్నివేశాలు, పేరు చెప్పని పనివాళ్ల మాటలు మాత్రం ఆనాటి పద్ధతులను బట్టి అల్లుకున్నవి.)

తడ స్టేషన్, 1954.

మద్రాసు వెళ్లే ప్యాసింజరు అక్కంపేట దాటి తడలో ఆగింది. ఎడమ పక్క కిటికీల్లోంచి పులికాట్ ఉప్పుగాలి కొడుతోంది. మొన్నమొన్నటిదాకా ఇది ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో ఒక చిన్న స్టేషను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డంతో రాత్రికి రాత్రి సరిహద్దు ఊరైపోయింది. ఇంజను కూత వేసి కదిలితే తర్వాత వచ్చేది ఆరంబాకం. అది పక్క రాష్ట్రం. నేల మీద గీత గీశారు గానీ సినిమాని ఎవరూ పంచుకోలేకపోయారు. తెలుగు సినిమా తీసే ఫ్లోర్లు, ల్యాబులు, కెమెరాలు దాదాపు అన్నీ మద్రాసులోనే ఉండిపోయాయి. నెల్లూరు సీమలో సినిమా పిచ్చి పట్టిన ఏ కుర్రాడైనా ముందు తడ దాటాలి.

ఆ రైల్లో కూర్చున్నాయనకు ఇరవై మూడేళ్లు నిండీ నిండని వయసు. పేరు సింగీతం శ్రీనివాసరావు. గూడూరు వైపు వారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో డిగ్రీ చదివారు. ఆ రోజుల్లోనే హరీంద్రనాథ్ చటోపాధ్యాయ దగ్గర నాటకం రుచి మరిగారు. చదువయ్యాక సినిమా దర్శకుడు కె.వి. రెడ్డి దగ్గర చేరాలని చూశారు గానీ కుదరలేదు. వెనక్కి వచ్చి తడకు పక్కనే ఉన్న సూళ్లూరుపేటలో బడిపంతులుగా చేరారు. పాఠాలు చెబుతూనే ‘బ్రహ్మ’, ‘అంత్యఘట్టం’ అని నాటకాలు రాసి పిల్లల చేత ఆడించారు.

పల్లెటూరి బడి నాటకం ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. దుప్పటే తెర, పెట్రోమాక్సే సూర్యుడు. దీపాన్ని రాజుగారికి దగ్గరగా పెడితే వెనక దుప్పటి మీద ఆయన నీడ రాక్షసుడంత అవుతుంది. దూరంగా జరిపితే ఆ రాక్షసుడే మరుగుజ్జు అవుతాడు. వెలుగు ఎటు నుంచి వస్తోందన్నదే అక్కడ మొదటి పాఠం. ఇంకో రెండు మూడేళ్లకు మద్రాసు వాహినీ స్టూడియో ఫ్లోర్ మీద ఆ మాస్టారికి పనికొచ్చింది కూడా అదే.

నాటకాలతో వచ్చిన పేరు చివరికి తలుపు తెరిచింది. 1954లో కె.వి. రెడ్డి దగ్గర అప్రెంటిసుగా చేరారు.

స్టాప్‌వాచీ గురువు

కె.వి. రెడ్డి అప్పటికే ‘పాతాళభైరవి’ తీసిన దర్శకుడు. ఆయన గురించి పరిశ్రమలో ఇప్పటికీ చెప్పుకొనే మాట ఒకటుంది. చేతిలో స్క్రిప్టు ఎంత గట్టిగా ఉండేదో స్టాప్‌వాచీ అంత గట్టిగా ఉండేదట. ఏ సీను ఎన్ని నిమిషాలు నడవాలో, ఎన్ని అడుగుల ఫిల్మ్ తినాలో షూటింగు మొదలవకముందే తేలిపోవాలి. ఫ్లోర్ మీదికి వచ్చాక ఆలోచించే అలవాటు ఆయనకు లేదు.

కొత్తగా చేరిన వాళ్లకు ఇది చాదస్తంలా కనిపించవచ్చు. మాయ చేసి చూపించాల్సిన సినిమా మొదలయ్యాక అదే ఆయుధమని అర్థమైంది. ఆ సినిమా విజయా వారి ‘మాయాబజార్’. నాగిరెడ్డి–చక్రపాణి నిర్మాతలు, పింగళి నాగేంద్రరావు మాటలు, పాటలు, మార్కస్ బార్ట్‌లే కెమెరా, గోఖలే–కళాధర్ కళ. సహాయకుల వరసలో సూళ్లూరుపేట మాస్టారు.

కథలోనే చిక్కు ఉంది. పాండవులు తెర మీద కనిపించరు గానీ, వస్తువులన్నీ నటించాలి. గింబళి (కంబళి) తనంతట తాను చుట్టుకోవాలి, గిల్పం (తల్పం) తిరగాలి. అన్నిటికీ మించి, పెళ్లివారి కోసం వండి వార్చిన విందంతా ఘటోత్కచుడు ఒక్కడే లాగించెయ్యాలి. చేత్తో తీసుకుని తింటే అది మనిషి భోజనం. మాయలమారి కదా, లడ్డూలే లేచి నోట్లోకి పోవాలి.

అంటే ఒకే ఫ్రేములో ఇద్దరు నటులు. ఒకరు ఎస్.వి. రంగారావు, రక్తమాంసాలున్న మనిషి. రెండోది ప్రాణం లేని లడ్డూ. ఆ రెండూ ఒకే గాలి పీలుస్తున్నాయని ప్రేక్షకుడు నమ్మాలి. ఇవాళ మనం గ్రీన్ మ్యాట్ కట్టి, కంప్యూటర్లో బొమ్మ గీసి, రెంటినీ కలిపే పని సరిగ్గా ఇదే. అప్పుడు కంప్యూటరూ లేదు, పచ్చగుడ్డా లేదు.

ఒక్క సెకనుకి ఇరవై నాలుగు లడ్డూలు

వాహినీ స్టూడియో, వడపళని. ఫ్లోర్ తలుపులు బిగించారు. ఫ్యాన్లు ఆపేశారు. లోపల పెద్ద లైట్ల వేడికి కమీజులు ఒంటికి అతుక్కుపోతున్నాయి.

బయట కాపలా ఉన్న లైట్ బాయ్, లోపలి నుంచి వచ్చినవాణ్ని ఆపాడు.

“ఏందన్నా, ఎన్ని పోయినై లోపలికి?”

“పోవడమా? పొద్దున్నించీ ఒక్కటీ పెదవి దాటలా.”

“నిన్న కూడా ఇదే మాట అన్నావే!”

“తలుపు తియ్యబాకు రా నాయనా. గాలొస్తే పైట కొంగు కాదు కదా, దారప్పోగు కదిలినా మళ్లా మొదటికే.”

వాళ్ల విసుగు వెనక ఒక లెక్క ఉంది. సినిమా కెమెరా సెకనుకి ఇరవై నాలుగు ఫొటోలు తీస్తుంది. కదలని వస్తువు కదిలినట్టు కనిపించాలంటే కెమెరాను ఒక్కో ఫ్రేము దగ్గర ఆపాలి. లడ్డూని నూలు పోగంత జరపాలి. అందరూ పక్కకు తప్పుకోవాలి. ఇంకో ఫ్రేము తియ్యాలి. మళ్లీ జరపాలి. మూడు సెకన్ల షాటుకి డెబ్బై రెండు సార్లు. స్టాప్ మోషన్ అంటే ఇంతే. చెప్పడానికి సులువు. డెబ్బై ఒకటోసారి ఎవరి మోచెయ్యో స్టాండుకి తగిలితే అప్పటిదాకా పడ్డ శ్రమంతా బూడిదలో పోసినట్టే.

అక్కడితో అయిపోలేదు. నిజం లడ్డూ లైట్ల వేడికి నెయ్యి వదులుతుంది. పొద్దున ఉన్న మెరుపు మధ్యాహ్నానికి ఉండదు. తెర మీద ఆ తేడా అర సెకనులో వెలిగి ఆరినట్టు కనిపిస్తుంది. లడ్డూ నీడ పళ్లెం మీద ఎంత పడిందో, గాల్లోకి లేచేకొద్దీ ఆ నీడ అంతే లెక్కగా పలచబడాలి. నీడ మరిచిపోతే లడ్డూ ఎగిరినట్టు ఉండదు, తెర మీద అంటించినట్టు ఉంటుంది.

అన్నిటికంటే కష్టం రంగారావు గారిది. తన ముందు ఎగిరే లడ్డూ ఏదీ లేకుండానే దాన్ని చూస్తున్నట్టు చూడాలి. చూపు ఒక బెత్తెడు పైకి పోయినా, లడ్డూ ఒక దారిన, కన్ను ఒక దారిన పోతాయి. ఆ సన్నివేశం ఈసారి చూసినప్పుడు లడ్డూలను వదిలేసి ఆయన కళ్లనే చూడండి. నోరు తెరవడానికి ముందే కన్ను లడ్డూని అందుకుంటుంది. ఆకలి ముందు కళ్లలోకి వచ్చి, ఆ తర్వాత నోట్లోకి దిగుతుంది. ఉపాయం కెమెరాది, నమ్మకం మాత్రం ఆ కళ్లది.

లడ్డూలు నోట్లోకి జారే ఆ ముక్క తీయడానికి నాలుగు రోజులు పట్టిందని సినిమా చరిత్ర రాసినవాళ్లు నమోదు చేశారు. 1957 మార్చి 27న సినిమా విడుదలైంది. జనం ఆ నాలుగు రోజుల గురించి ఆలోచించలేదు. ఆలోచించకపోవడమే ఆ పనికి దక్కిన బహుమానం.

ఎన్నూరు వెన్నెల, బొమ్మ ఇళ్ల ద్వారక

తడ నుంచి మద్రాసు వెళ్లే అదే రైలు దారిలో, ఊరు ఇక చేరబోతున్నామనగా ఎన్నూరు వస్తుంది. ‘లాహిరి లాహిరి’ పాట కోసం ఆరుబయట తీసింది అక్కడే. అదీ కొద్ది సెకన్ల ముక్క. మిగతా వెన్నెలంతా బార్ట్‌లే ఫ్లోర్ మీద లైట్లతో కాయించిందే. బయటి నీళ్ల మీద పడ్డ వెలుగూ, లోపలి ముఖాల మీద పడ్డ వెలుగూ ఒకే చంద్రుడివి కావాలి. అందులో ఏ కొంచెం తేడా వచ్చినా పడవ స్టూడియోలో ఉందని పసిపిల్లాడు కూడా పట్టేస్తాడు.

ద్వారకా నగరం తంతు కూడా అంతే. 50 అడుగులకు 60 అడుగుల జాగాలో దాదాపు 300 బొమ్మ ఇళ్లు కట్టారు. ఇంటింటికీ కరెంటు దీపం పెట్టారు. కెమెరా దాని మీదుగా సాగితే మహానగరం. దీపాలు లేకపోతే అది అట్టపెట్టెల వరస.

చిన్న వస్తువుని పెద్దది చెయ్యడం, లేనిదాన్ని ఉన్నదాని పక్కన నిలబెట్టడం. రెండు చోట్లా గెలిచింది వెలుగే. ఫ్లోర్ మీద వెలుగు కుదిరితే మిగతాది అతికించడం. ఫ్లోర్ మీదే కుదరకపోతే ఆ తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేరు.

పది తలలకు పది మూతలు

నాలుగేళ్ల తర్వాత ఇంకో మెట్టు. 1961 జనవరిలో ఎన్.టి. రామారావు ‘సీతారామ కల్యాణం’ వచ్చింది. ఆయనే రావణుడు, తెర వెనక దర్శకుడూ ఆయనే. కెమెరా పట్టింది రవికాంత్ నగాయిచ్, ఛాయాగ్రాహకుడిగా ఆయనకది మొదటి సినిమా. పది తలల రావణుణ్ని మాస్కింగుతో చూపించారు.

మాస్కింగంటే ఇది. లెన్సు ముందు నల్ల అట్ట పెట్టి, ఒక్క తల పట్టేంత చోటు మాత్రం వదులుతారు. షాట్ తీస్తారు. ఫిల్మ్‌ని కెమెరాలోనే వెనక్కి తిప్పుతారు. ఎన్ని అడుగులు తిప్పారో లెక్క తప్పకూడదు. ఇప్పుడు మొదటి చోటు మూసి పక్కన ఇంకో చోటు తెరుస్తారు. అదే ఫిల్మ్ మీద మళ్లీ తీస్తారు. పది తలలంటే ఒకే ఫిల్మ్ మీద ఇన్ని పొరలు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా తలకీ తలకీ మధ్య నల్లగీత. నటుడు మెడ తిప్పినా పక్క తలలోకి చెవి దూరిపోతుంది. తొమ్మిదో పొర దాకా బాగా వచ్చిందో లేదో ల్యాబులో కడిగితే గానీ తెలియదు.

ఆ నల్ల అట్ట చేసిన పనినే ఇవాళ పచ్చగుడ్డ చేస్తోంది. “ఇక్కడ ఏమీ లేదు, తర్వాత నింపుకోండి” అని ఫిల్మ్‌కి చెప్పడం.

అట్ట పోయి గుడ్డ వచ్చింది

నల్ల అట్టతో ఒక ఇబ్బంది ఉంది. మనిషి దాని హద్దు దాటి నడవలేడు. మనిషి ఎటు కదిలితే అటు హద్దు కూడా కదలాలంటే, హద్దుని రంగుతో చెప్పాలి. 1940లో వచ్చిన ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ కోసం లారీ బట్లర్ నీలి తెర పద్ధతి వాడి ఆస్కార్ అందుకున్నారు. ఆ తర్వాత పెట్రో వ్లాహోస్ దానికి పదును పెట్టారు. 1964 నాటి ‘మేరీ పాపిన్స్’లో నటుడు కార్టూన్ పెంగ్విన్లతో చిందులేసింది ఆయన సోడియం దీపాల పద్ధతితోనే. మన పక్క, 1989లో ఏవీఎం వారి తమిళ చిత్రం ‘రాజా చిన్న రోజా’లో రజనీకాంత్, పిల్లలు ఒక పాటంతా కార్టూన్ జంతువులతో ఆడిపాడారు. ‘మాయాబజార్’ లడ్డూలు ఎగిరిన మద్రాసులోనే.

నీలం, పచ్చ రంగులనే ఎందుకు ఎంచుకున్నారంటే, మనిషి ఒంటి రంగుకి అవి దూరం. డిజిటల్ కెమెరాలు వచ్చాక పచ్చకి పట్టం కట్టారు. వాటి సెన్సరులో ప్రతి నాలుగు చుక్కల్లో రెండు పచ్చని పట్టేవి. కాబట్టి పచ్చ అంచు తేటగా తెగుతుంది, తక్కువ వెలుగుతో పనైపోతుంది. అయితే మన కథలకి పచ్చతో పేచీ ఉంది. మామిడి తోరణం, అరటాకు, తులసికోట, చిలకపచ్చ పట్టుచీర... ఇవన్నీ గుడ్డతో పాటే మాయమైపోతాయి. పెళ్లిపందిరి సీనుకి నీలి మ్యాట్ కట్టేది అందుకే.

గుడ్డ కట్టగానే పని అయిపోదు. ముడతలు ఉండకూడదు, ముడత అంటే నీడ. నీడ అంటే ఇంకో పచ్చ. గుడ్డకి దాని లైట్లు దానికే పెట్టాలి, మనిషికి మనిషివి. మనిషి గుడ్డకు ఆరేడు అడుగులైనా ఎడంగా నిలబడాలి. దగ్గరైతే పచ్చ వెనక్కి కొట్టి భుజాల మీద, జుట్టు కొసల మీద పాచిలా పరుచుకుంటుంది. దాన్ని తుడవడానికి ఒక కుర్రాడు కంప్యూటరు ముందు రాత్రుళ్లు కూర్చోవాలి. ఫ్లోర్ మీద లైటు ఒక అడుగు జరిపితే పోయే తలనొప్పి అది.

మాస్టారు మళ్లీ ఘటోత్కచుడి దగ్గరికి

సింగీతం వారు ఆ తర్వాత చేసినవి ఊరూవాడా తెలిసినవే. 1989లో ‘విచిత్ర సోదరులు’లో కమల్‌హాసన్‌ని మరుగుజ్జుగా నడిపించారు. కంప్యూటర్ లేదు, కాళ్లు మడిచి తొడిగిన బూట్లూ, కెమెరా పెట్టే చోటూ, అంతే. 1991లో ‘ఆదిత్య 369’లో బాలకృష్ణని కాలయంత్రం ఎక్కించి రాయల కాలానికి తీసుకెళ్లారు.

ఆ తర్వాత ఒక విచిత్రం జరిగింది. 2008లో ఆయన ‘ఘటోత్కచ్’ అనే పూర్తి యానిమేషన్ సినిమాకు దర్శకత్వం వహించారు. 1957లో ఘటోత్కచుడు మనిషి, లడ్డూలు బొమ్మలు. అర్ధ శతాబ్దం తర్వాత ఘటోత్కచుడే బొమ్మ. గూడూరు, సూళ్లూరుపేట, తడ మీదుగా మద్రాసు చేరిన ఒక్క మనిషి ఈ రెండు కొసలూ చూశారు. 2010 జనవరిలో ‘మాయాబజార్’ రంగులద్దుకుని మళ్లీ విడుదలైనప్పుడు కూడా ఆ లడ్డూలు తేలిపోలేదు. రంగు పడితే బయటపడే మోసం అందులో లేదు. నీడలు 1957లోనే సరిగ్గా పడ్డాయి.

2012 జులై 6న రాజమౌళి ‘ఈగ’ వచ్చింది. ఇందులో లడ్డూ బదులు ఈగ, రంగారావు బదులు సుదీప్. హైదరాబాద్ మకుట సంస్థ గ్రాఫిక్స్ చేసింది. మొదట తయారైన ఈగ రాజమౌళికి నచ్చలేదు. మళ్లీ మొదలుపెట్టారు. నిజం ఈగలను సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే కాసేపు మగతలో పడతాయి. ఆ కొద్ది క్షణాల్లో దగ్గరి లెన్సుతో ఫొటోలు తీశారు. ఒంటి మీద నూగు, కళ్లలో మెరుపు, రెక్కల మీద వెలుగు విరిగే తీరు అన్నీ చూసి ఈగకి ప్రాణం పోశారు. సుదీప్ ఎదుట మాత్రం ఏ ఈగా లేదు. ముక్కు మీద వాలని దాన్ని తోలాలి, చెవిలో మోగని మోతకి ఉలిక్కిపడాలి. ఆ ఖాళీని అంత కోపంగా చూడగలిగాడు కాబట్టే మనకు ఈగ కనిపించింది. 60వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రంతో పాటు స్పెషల్ ఎఫెక్ట్స్ అవార్డూ దానికే వచ్చింది.

2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ వెనక సలహాదారుగా ఉన్నది మళ్లీ ఈ మాస్టారే. అప్పటికి ఆయనకు తొంభై మూడో ఏడు నడుస్తోంది. స్టాప్‌వాచీ గురువు దగ్గర నేర్చుకున్న శిష్యుణ్ని ఆ సినిమా తీసిన నాగ్ అశ్విన్ తరం వెతుక్కుంటూ వెళ్లిందంటే కారణం కష్టమైనదేమీ కాదు. యంత్రాలు మారాయి గానీ, సీను మొదలవకముందే లడ్డూ ఎక్కడ ఉంటుందో తెలిసిన మనిషి అవసరం తీరలేదు.

పచ్చగుడ్డ కొనబోయే తమ్ముళ్లకు

ఇవాళ తడలో రైలు దిగే కుర్రాళ్ల చేతిలో కెమెరా ఉంది, కలిపే యాప్ కూడా అదే ఫోన్లో ఉంది. మద్రాసు పోనక్కర్లేదు. రీల్ కోసం గుడ్డ కట్టి, వెనక శ్రీహరికోట రాకెట్ పెట్టి, అర గంటలో తెరకెక్కించేస్తున్నారు. చాలావరకు అవి నీళ్ల మీద నూనెలా తేలుతున్నాయి. తప్పు యాప్‌ది కాదు. రాకెట్ మంట ఎడమ నుంచి వెలుగుతుంటే మీ ముఖం మీద ఎండ కుడి నుంచి పడుతోంది. మీ కళ్లు రాకెట్‌ని కాక ఫోన్ని చూస్తున్నాయి.

కాబట్టి గుడ్డ కొనేముందు ఒక పని చెయ్యండి. ఘటోత్కచుడి విందు పాటను సౌండు తీసేసి ఒకసారి చూడండి. మొదట నీడలు చూడండి, తర్వాత రంగారావు గారి కళ్లు చూడండి. వెనక్కి తిప్పి మళ్లీ చూడండి. మీ షాటులో వెలుగు ఎటు నుంచి వస్తుంది, కన్ను ఎటు పోతుంది అన్న రెండు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసుకోండి. ఆ రెండూ తేలాకే గుడ్డ కట్టండి.